బుట్టల ఊళ్ళో లోహపు ముగ్గు

మా అమ్మాయీ అల్లుడూ జర్మనీ దేశంలో న్యూరెంబర్గు పట్నంలో ఉంటున్నారు. నిరుడు సెప్టెంబరులో నేను వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. వెళ్ళిన రెండో వారమే మా మనవరాలు చిట్టి నా చెయ్యి పట్టుకుని, “తాతయ్యా, శనివారం నాడు మనం బుట్టల ఊరికి వెళ్తున్నాం. చాలా నడవాలి. నీ చెప్పులు పనికిరావు, బూట్లు వేసుకో,” అని ముందుగానే హెచ్చరించింది. దానికి పదేళ్ళు. నాకు జర్మను భాష ఒక్క ముక్క రాదు గనక, ఆ దేశంలో ఉన్నన్నాళ్ళూ అదే నాకు గురువు, అదే దుబాసీ.

బుట్టల ఊరి పేరు లిష్టెన్‌ఫెల్స్. ఆ పేరు పలకటానికి చిట్టి నాకు మూడుసార్లు పాఠం చెప్పవలసి వచ్చింది. న్యూరెంబర్గు నుంచి ఉత్తరంగా రైల్లో సుమారు గంట ప్రయాణం. బాంబెర్గు దాటాక మైన్ అనే నది మనతోపాటే వస్తుంది. మన కృష్ణా గోదావరులను చూసిన కళ్ళకు అది ఒక పెద్ద కాలవ లాగా కనిపిస్తుంది గాని, ఏడాది పొడుగునా నిండుగా పారుతుంది. నదికి ఇటు గట్టున ఒక కొండ మీద పెద్ద చర్చి, అటు గట్టున ఇంకొక కొండ మీద పాత మఠం ఒకదాన్నొకటి చూసుకుంటూ నిలబడి ఉంటాయి. చర్చిని 1743లో కట్టటం మొదలుపెట్టారట. ఆ కొండల మధ్య పచ్చని పల్లంలో ఉన్నది లిష్టెన్‌ఫెల్స్.

ఊరు చిన్నదే. పాత కోట గోడల తాలూకు బురుజు ద్వారాలు ఇంకా నిలిచి ఉన్నాయి. ద్వారం కింద నుంచి నడిచి బజారులోకి వచ్చేసరికి నాకు కళ్ళు చెదిరాయి. ఎటు చూసినా బుట్టలే! పూల బుట్టలు, రొట్టెల బుట్టలు, పసిపాపల ఊయెలలు, కుర్చీలు, కుక్కలు పడుకునే తట్టలు, ఆఖరికి సైకిలు ముందు తగిలించే బుట్టలు. ఏటా సెప్టెంబరులో అక్కడ బుట్టల సంత జరుగుతుంది. అనేక దేశాల నుంచి అల్లిక పనివాళ్ళు వచ్చి వీధిలోనే కూర్చుని అల్లుతారు. ఆ బజారులోనే ఒక ఇంటి ముందు ఉక్కుతో చేసిన చెట్లు నిలబెట్టారు. వాటి కొమ్మలు కూడా ఇంటి చుట్టూ అల్లుకున్నట్టే ఉన్నాయి.

మనవైపు బుట్టలు వెదురుతో అల్లుతారు గదా. అక్కడ వెదురు లేదు. నది ఒడ్డున పెరిగే విల్లో అనే చెట్టు రెమ్మలతో అల్లుతారు. క్రికెట్ ఆడే పిల్లలకు ఈ చెట్టు తెలిసినదే. బ్యాటు చేసేది ఆ కుటుంబానికే చెందిన ఒక రకం చెట్టుతో. బుట్టల రకానికి మాను ఎదగనివ్వరు. ఏటేటా మొదలు దాకా కోసేస్తే, మళ్ళీ వేసవికి చూపుడువేలంత సన్నని రెమ్మలు మనిషెత్తున పైకి లేస్తాయి. వాటిని నానబెట్టి వంచితే తాడులాగా వంగుతాయి.

ఈ బుట్టల వెనక పాత కథ మరీ అంత అందమైనది కాదు. ఆ రోజుల్లో చుట్టుపక్కల పల్లెల్లోని పేద కుటుంబాలు ఇళ్ళలోనే అల్లేవి. తల్లీ తండ్రీ పిల్లలూ అందరూ ఆ పనే. లిష్టెన్‌ఫెల్స్‌లోని వర్తకులు ఆ బుట్టలు కొని అమెరికా దాకా ఎగుమతి చేసేవారు. వర్తకుల మేడలు ఇప్పటికీ ఉన్నాయి. అల్లినవాళ్ళ గుడిసెలు లేవు. ఈ సంగతి మీకు ఎక్కడైనా విన్నట్టుంటే ఆశ్చర్యం లేదు.

ఒక చోట ఇరవై ఏళ్ళ అమ్మాయి ఒళ్ళో బుట్ట అడుగు పెట్టుకుని అల్లుతున్నది. అడుగు నుంచి నిలువు పుల్లలు సూర్యకిరణాల్లాగా చుట్టూ విచ్చుకుని ఉన్నాయి. ఒక సన్నని రెమ్మను ఒక పుల్లకు ముందు నుంచీ, దాని పక్క పుల్లకు వెనక నుంచీ దూరుస్తూ గుండ్రంగా తిప్పుతున్నది. చిట్టి ఆమె ముందు గొంతుక్కూర్చుని ఏవేవో ప్రశ్నలు వేసింది. తరువాత నా వైపు తిరిగి, “తాతయ్యా! నిలువు పుల్లలు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఉండాలట. ఎందుకో చెప్పుకో!” అన్నది.

నేను చెప్పలేదు. జవాబు తెలియక కాదు. ఆ బేసి సంఖ్య అన్న మాట వినగానే నాకు ముప్ఫై ఏడేళ్ళ కిందటి సంగతి ఒకటి గుర్తుకు వచ్చింది. అది తరువాత చెపుతాను.

చిట్టే చెప్పింది. పుల్లలు సరి సంఖ్యలో ఉంటే, ఒక చుట్టు తిరిగి వచ్చాక రెమ్మ మొదటి పుల్లకు మళ్ళీ ముందు నుంచే పోతుంది. ప్రతి చుట్టులోనూ అంతే. అప్పుడు రెమ్మలన్నీ ఒకే పక్కకు పడతాయి, ముడి పడదు, బుట్ట ఊడిపోతుంది. బేసి అయితే, మొదటి చుట్టులో ముందు నుంచి పోయినది రెండో చుట్టులో వెనక నుంచి పోతుంది. ఒక చుట్టును ఇంకొక చుట్టు బిగిస్తుంది. నమ్మకం లేకపోతే మీరే అయిదు చీపురుపుల్లలు గుచ్చి, దారంతో అల్లి చూడండి. తరువాత ఆరు పుల్లలతో చూడండి.

మధ్యాహ్నం మా అల్లుడు, “మావయ్య గారూ, ఈ ఊళ్ళో మీరు చూడవలసింది ఇంకొకటి ఉంది. లోహాన్ని పొరలు పొరలుగా పెంచే యంత్రాలు తయారుచేసిన ఊరు కూడా ఇదే,” అన్నాడు. 2000 సంవత్సరంలో ఫ్రాంక్ హెర్ట్సోగ్ అనే ఆయన ఈ ఊళ్ళో ఒక చిన్న కంపెనీ పెట్టాడు. లేసరు కిరణంతో లోహపు పొడిని కరిగించి వస్తువులు చేసే యంత్రాలు కట్టటం దాని పని. 2016లో అమెరికాకు చెందిన జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ అందులో ముప్పాతిక వాటా కొన్నది. ఇవాళ ఈ ఊరి పేరు చెపితే కొందరికి బుట్టలు గుర్తుకు వస్తాయి, కొందరికి లేసర్లు గుర్తుకు వస్తాయి.

అంత పెద్ద కర్మాగారంలోకి మన బోటివాళ్ళను ఎవరు రానిస్తారు? అయితే దగ్గరలోనే ఒక చిన్న పనిశాలలో అటువంటి యంత్రం ఒకటి ఉంది. అందులో వరంగల్లు వైపు కుర్రవాడు ఒకడు పనిచేస్తున్నాడు, అల్లుడి స్నేహితుడు. శనివారమైనా యంత్రం నడుస్తూనే ఉంటుందనీ, చూసుకోవటానికి తాను వస్తాననీ, యజమాని అనుమతి తీసుకున్నాననీ చెప్పాడు. మేము వెళ్ళగానే “రండి మాస్టారూ” అని ఎదురు వచ్చాడు. పరాయి దేశంలో ఆ పిలుపు వింటే ప్రాణం లేచి వచ్చినట్టు ఉంటుంది.

లోపల నేను ఊహించినట్టు కొలిమీ లేదు, సుత్తీ లేదు, పొగా లేదు. ఆసుపత్రి గదిలాగా ఉంది. బీరువా కంటే కొంచెం పెద్దదైన యంత్రం గోడ పక్కన నిలబడి ఉంది. దానికి ఒక చిన్న రంగు అద్దపు కిటికీ. ముందుగా ఆ అబ్బాయి మూత బిగించిన ఒక గాజుసీసా చూపించాడు. అందులో బూడిదరంగు పొడి ఉంది. చిట్టి సీసా పట్టుకుని వంచి, “అబ్బా, ఎంత బరువో! అయినా నీళ్ళలాగా జారుతున్నది,” అన్నది.

అది ఉక్కు పొడి. ఒక్కొక్క రేణువు 15 నుంచి 45 మైక్రానులు ఉంటుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాను అంటారు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రానులు. అంటే వెంట్రుక కంటే కూడా సన్నని గుండ్లు అన్నమాట. అవును, గుండ్లే. భూతద్దంలో పెట్టి చూపిస్తే చిన్న చిన్న బంతుల్లాగా ఉన్నాయి. ఎట్లా చేస్తారంటే, లోహాన్ని కరిగించి సన్నని ధారగా కిందికి వదులుతారు. ఆ ధార మీదికి అన్ని వైపుల నుంచీ ఆర్గాన్ వాయువును మహా వేగంగా కొడతారు. ధార చెదిరి తుంపరలవుతుంది. గాలిలో నీటిచుక్క తనంతట తాను గుండ్రమైనట్టే, లోహపు చుక్క కూడా కింద పడేలోగా గుండ్రమై గడ్డకట్టుతుంది. గుండ్రంగా లేకపోతే ఏమవుతుంది అంటారా? మీ అమ్మగారి వంటింట్లో ఆవాలనూ నూకలనూ చెరొక పళ్ళెంలో పోసి వంచి చూడండి. ఆవాలు జారినంత నున్నగా నూకలు జారవు. ఇక్కడ పొడి పలచగా, ఎగుడుదిగుడు లేకుండా పరుచుకోవాలి గనక ఆవాల వంటి పొడే కావాలి.

చిట్టి మూత తియ్యబోయింది. ఆ అబ్బాయి చటుక్కున సీసా అందుకుని, “వద్దమ్మా! ఇది ఊపిరితో లోపలికి పోతే ఊపిరితిత్తులకు చేటు. ఇక టైటేనియం, అల్యూమినియం పొడులైతే ఒక్క నిప్పురవ్వ తగిలినా భగ్గున అంటుకుంటాయి,” అన్నాడు. అందుకని పొడి పట్టుకునేటప్పుడు ముసుగూ, చేతితొడుగులూ, ప్రత్యేకమైన బూట్లూ వేసుకుంటారు. చిట్టి నా బూట్ల వైపు చూసి, నేను చెప్పలేదా అన్నట్టు తల ఎగరేసింది.

ఇప్పుడు యంత్రం లోపల ఏం జరుగుతుందో చెపుతాను.

అడుగున దళసరి ఉక్కు పలక ఉంటుంది. ఒక రేకు వచ్చి ఆ పలక మీద పొడిని 30 మైక్రానుల మందాన, అంటే వెంట్రుకలో సగం మందాన, పరిచి పోతుంది. అప్పుడు పై నుంచి లేసరు కిరణం దిగుతుంది. మనం చేసే వస్తువును అడ్డంగా పలచగా కోస్తే ఆ ముక్క ఏ ఆకారంలో ఉంటుందో, ఆ ఆకారాన్ని కిరణం పొడి మీద గీస్తుంది. గీసిన చోట పొడి కరిగి, వెంటనే గడ్డకట్టి గట్టి లోహం అవుతుంది. గీయని చోట పొడి పొడిగానే ఉంటుంది. పలక 30 మైక్రానులు కిందికి దిగుతుంది. రేకు మళ్ళీ పొడి పరుస్తుంది. కిరణం మళ్ళీ గీస్తుంది. ఈ కొత్త గీత కింది పొరను కూడా కొంచెం కరిగించి దానితో అతుక్కుపోతుంది.

“ముగ్గు!” అన్నాను నేను.

“అవును మాస్టారూ, మా అమ్మకు కూడా నేను అట్లాగే చెప్పాను. కాకపోతే ముగ్గు మీద ముగ్గు, ముగ్గు మీద ముగ్గు,” అన్నాడు ఆ అబ్బాయి.

ఆ కిరణాన్ని కదిపేవి రెండు చిన్న అద్దాలు. లేసరు శక్తి 400 వాట్లు. మన ఇస్త్రీపెట్టె ఇంతకంటే ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, మరి అది ఇనుమును కరిగించదేం? ఇస్త్రీపెట్టె వేడి అరచెయ్యంత మేర పరుచుకుంటుంది. లేసరు వేడి అంతా మిల్లీమీటరులో పదో వంతు ఉన్న చుక్క మీదనే పడుతుంది. ఎండలో భూతద్దం పట్టి కాగితం కాల్చిన పిల్లలకు ఇది వేరే చెప్పనక్కరలేదు. ఆ కిరణం కంటికి కనిపించదు కూడా. కిటికీలో నుంచి మాకు కనిపించినది కరుగుతున్న లోహపు మెరుపు. తెల్లని చుక్క ఒకటి నల్లని నేల మీద పరుగెత్తుతున్నది. దాని వెంట చిన్న చిన్న రవ్వలు లేస్తున్నవి. దీపావళి నాటి మతాబా అంత చప్పుడు కూడా లేదు.

పెట్టెలో గాలి ఉండదు. ఉంటే కరిగిన లోహాన్ని ప్రాణవాయువు పాడుచేస్తుంది. అందుచేత గాలి తోలేసి ఆర్గాన్ నింపుతారు. ఆర్గాన్ దేనితోనూ కలవని సోమరి వాయువు. మనం పీల్చే గాలిలో అది నూటికి ఒక పాలు దాకా ఉంది. మనకూ దానికీ ఏ సంబంధమూ లేకుండా లోపలికి పోయి బయటికి వస్తూ ఉంటుంది.

“ఇప్పుడు చేస్తున్న వస్తువు ఎత్తు 9 సెంటీమీటర్లు. పొరకు అర నిమిషం పడుతుంది. మొత్తం ఎంతసేపో చెప్పగలవా?” అని ఆ అబ్బాయి చిట్టిని అడిగాడు. ఇటువంటి లెక్క వింటే నాలోని బడిపంతులు ఊరుకోడు గాని, నోరు నొక్కుకున్నాను. చిట్టి కాగితం అడగకుండా, “90 మిల్లీమీటర్లను 0.03తో భాగిస్తే 3,000 పొరలు. 1,500 నిమిషాలు. 25 గంటలు!” అన్నది. శనివారం కూడా యంత్రం ఎందుకు నడుస్తున్నదో నాకు అప్పుడు అర్థమయింది.

తరువాత అతను తెర మీద ఒక పొర బొమ్మ చూపించాడు. కిరణం గీసే గీతలు దుక్కి సాళ్ళలాగా పక్కపక్కనే ఉన్నవి. మరుసటి పొరలో ఆ సాళ్ళు అంతే వాలులో లేవు, కొంచెం తిరిగి ఉన్నవి. ప్రతి పొరకూ సాళ్ళను 67 డిగ్రీలు తిప్పుతారట.

“67 ఏమిటి బాబూ? 90 తిప్పితే నీటుగా ఉండేది గదా!” అన్నాను.

“90 తిప్పితే మూడో పొర సాళ్ళు మొదటి పొర సాళ్ళ మీదనే పడతాయి మాస్టారూ. ఒక సాలులో లోపం ఉంటే అది గోడలాగా పైకి పెరుగుతూ పోతుంది. 60 తిప్పితే నాలుగో పొరలో అదే గతి. 67 అయితే 180 పొరలు పూర్తయ్యేదాకా ఏ రెండు పొరల సాళ్ళూ ఒకే వాలులో ఉండవు.”

చిట్టి ఒక్క గంతు వేసింది. “బుట్టలాగానే! బేసి పుల్లల లాగానే!” అని అరిచింది. ఆ అబ్బాయికి అర్థం కాలేదు. పొద్దున సంతలో చూసినది వాడికి అది పూసగుచ్చినట్టు వివరించింది. ఈ ఊళ్ళో రెండేళ్ళ నుంచి ఉంటున్నా ఒక్క బుట్టనూ తిప్పి చూడలేదని అతను ఒప్పుకున్నాడు.

అన్నీ సవ్యంగా జరుగుతాయని అనుకోకండి. గోడకు ఉన్న ఒక అరలో చెడిపోయిన వస్తువులు వరసగా పెట్టి ఉన్నవి. నాకు అన్నిటికంటే ఆ అర బాగా నచ్చింది. పాడైన వాటిని దాచెయ్యకుండా కళ్ళెదుట పెట్టుకునే పనివాడి మీద నాకు గౌరవం. అందులో ఒక పలక కాలిన అప్పడంలాగా అంచుల్లో పైకి లేచి ఉంది. కారణం ఇది. కరిగిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుంటుంది. కింది పొర అప్పటికే గట్టిపడి, దాన్ని కుంచించుకోనివ్వదు. ఇద్దరి మధ్యా పెనుగులాట. అట్లా వేల పొరల పెనుగులాట పోగుపడితే వస్తువు వంకరపోతుంది, ఒక్కొక్కప్పుడు పగులుతుంది. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వెయ్యటం మీ తాతగార్లు చూసే ఉంటారు. పట్టాను ఎర్రగా కాల్చి చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తారు. అది కుంచించుకుని కర్రను పట్టేస్తుంది. ఆ బలమే ఇక్కడ శత్రువు. అందుకని వస్తువును పలకకు పట్టి ఉంచేటట్టు కింద సన్నని ఊతలు కూడా గీస్తారు. పని అయ్యాక వస్తువును పలకతో సహా కొలిమిలో పెట్టి మెల్లగా కాచి, మెల్లగా చల్లారుస్తారు. లోపలి పెనుగులాట సద్దుమణిగిన తరువాతనే పలక నుంచి కోస్తారు.

తయారైన వస్తువు పొడిలో పూడి ఉంటుంది. మట్టిలో నుంచి పసుపు కొమ్ములు తవ్వినట్టు బ్రష్షుతో పొడి తోసి బయటికి తీస్తారు. మిగిలిన పొడిని పారెయ్యరు. జల్లెడ పట్టి మళ్ళీ వాడతారు. మా అమ్మ పిండి జల్లించినట్టే, కాకపోతే ఇది కరెంటు జల్లెడ.

ఇంత శ్రమ ఎందుకు, పోత పోస్తే పోదా? అని నేను అడిగాను. అడగవలసిన ప్రశ్నే. ఒక మేకు కావాలన్నా, బకెట్టు కావాలన్నా ఈ యంత్రం శుద్ధ దండగ. 25 గంటలు కూర్చుని మేకు చేసేవాణ్ణి చూసి ఏ కమ్మరి అయినా నవ్వుతాడు. పొడి కూడా చాలా ఖరీదు. కాని లోపల వంకర దారులు, చిక్కు గొట్టాలు, తేనెపట్టు వంటి గదులు ఉండే వస్తువులు కొన్ని ఉన్నాయి. వాటిని పోత పోసీ, తొలిచీ చెయ్యాలంటే ముక్కలు ముక్కలుగా చేసి అతకాలి. ఇక్కడైతే ఒకే ముక్కగా పెరుగుతుంది. విమానాల లీప్ ఇంజనులో ఇంధనాన్ని చిమ్మే ముక్కు ఇందుకు ఉదాహరణ. పూర్వపు పద్ధతిలో దానికి సుమారు 20 భాగాలు కావలసి వచ్చేవి. ఇప్పుడు కోబాల్టు, క్రోమియం కలిపిన లోహపు పొడితో ఒకటిగా చేస్తున్నారు. బరువు పాతిక వంతు తగ్గింది. అది అమెరికాలోని అలబామా రాష్ట్రంలో తయారవుతుంది. మన దేశంలో ఎగిరే ఏ320 నియో విమానాలు కొన్నింటికి ఆ ఇంజన్లే ఉన్నాయి.

“మన ఇస్రో సంగతి చెప్పాలి మాస్టారూ,” అని ఆ అబ్బాయి ముఖం వెలిగించుకుని చెప్పాడు. శ్రీహరికోట నుంచి ఎగిరే పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు నాలుగో దశలో ఒక రకం చిన్న ఇంజను వాడతారు. దానిని ఈ పద్ధతిలో చేసి, 2024 మే 9న తమిళనాడులోని మహేంద్రగిరిలో 665 సెకండ్లు మండించి చూశారు. 14 భాగాలకు బదులు ఒక్కటే భాగం, 19 అతుకులు మాయం. పాత పద్ధతిలో ఒక్కొక్క ఇంజనుకు 565 కిలోల లోహం తెచ్చి చెక్కవలసి వచ్చేది. ఇప్పుడు 13.7 కిలోల పొడి సరిపోతున్నది. హైదరాబాదు శివార్లలో బాలాపూరు వద్ద ఉన్న లోహచూర్ణ పరిశోధన కేంద్రంలో కూడా ఇటువంటి పని జరుగుతున్నదట.

లోహాల స్వభావాలు కూడా తలకొక రకం. టైటేనియం బరువు ఘన సెంటీమీటరుకు నాలుగున్నర గ్రాములు, ఉక్కు అయితే సుమారు ఎనిమిది. అయినా టైటేనియం మంచి బలం. మన శరీరం దానితో పోట్లాడదు గనక తుంటికీలు, పుర్రె పలకలు దానితో చేస్తారు. పైన సన్నని రంధ్రాలు వదిలితే ఎముక అందులోకి పెరిగి పట్టుకుంటుందట. కోబాల్టు క్రోమియంతో పళ్ళ తొడుగులు చేస్తారు. నా దవడ పంటికి ఒక తొడుగు ఉంది. అది ఏ యంత్రంలో పుట్టిందో ఏనాడూ అడగలేదు. ఇక రాగి మొండిది. కంటికి కనిపించని ఆ లేసరు కిరణాన్ని రాగి అద్దంలాగా తిప్పి కొట్టేస్తుంది. దానికి ఆకుపచ్చ కిరణమైతే లొంగుతుందని కనిపెట్టి, కొందరు అటువంటి యంత్రాలు కట్టారు.

ఈ విద్య ఒక్కరి బుర్రలో పుట్టినది కాదు. 1980లలో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో కార్ల్ డెకార్డ్ అనే విద్యార్థి లేసరుతో పొడిని పొరలుగా అతికించటం మొదలుపెట్టాడు. లోహపు పొడిని పూర్తిగా కరిగించే పద్ధతికి 1996లో జర్మనీలోని ఆహెన్ పట్నంలో ఉన్న ఫ్రౌన్‌హోఫర్ లేసరు సంస్థవారు పేటెంటు కోరారు. మిగతాది మీరు పెద్దయి చదువుకుంటారు.

సాయంత్రం రైలుకు ఇంకా టైముంది. చిట్టి ఒక భవనం చూపించి, “తాతయ్యా, పొద్దున బుట్ట అల్లిన అక్క ఇక్కడే చదువుతున్నదట. ఇది బుట్టలల్లే బడి,” అన్నది. నేను నమ్మలేదు. మళ్ళీ చదివించాను. నిజమే. సర్కారు బడి. ఆ విద్యకు జర్మనీ అంతటిలో అదొక్కటే బడి, వంద ఏళ్ళు దాటినది. మూడేళ్ళ చదువు, చివర పరీక్ష, చేతికి సర్టిఫికెట్టు. సెలవు గనక తలుపు మూసి ఉంది. ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చున్నాను.

“ఏం తాతయ్యా, కాళ్ళు నొప్పులా?” అని అడిగింది.

అప్పుడు దానికి చెప్పాను. 1988లో నేను కృష్ణ ఒడ్డున ఒక పల్లెలో పనిచేస్తున్నాను. అయిదో తరగతిలో మేదరి వారి పిల్లవాడు ఒకడు ఉండేవాడు. ఒక రోజు నల్లబల్ల మీద సరి సంఖ్యలు, బేసి సంఖ్యలు చెపుతున్నాను. వాడు వెనక వరసలో తల వంచుకుని, ఒళ్ళో వెదురు దబ్బలు పెట్టుకుని, ఏదో చిన్న బుట్ట అల్లుతున్నాడు. నాకు కోపం వచ్చింది. దాన్ని లాక్కుని, అందరి ముందూ కాలి కింద వేసి తొక్కాను. “ఇది నీకు అన్నం పెట్టదురా!” అన్నాను. వాడు ఏడవలేదు. విరిగిన దబ్బలు ఏరుకుని కూర్చున్నాడు. నెల తిరగకుండా బడి మానేశాడు. వాడి ఒళ్ళో ఉన్నది నేను నల్లబల్ల మీద చెపుతున్న పాఠమేనని నాకు ఈ పూట దాకా తెలియదు.

చిట్టి చాలాసేపు మాట్లాడలేదు. “ఆ అబ్బాయికి సారీ చెప్పావా?” అని అడిగింది.

“లేదు,” అన్నాను.

అది వెళ్ళి సంతలో అన్నిటికంటే చిన్న బుట్ట ఒకటి తన డబ్బులతో కొని తెచ్చి నా సంచిలో పెట్టింది. ఎందుకో చెప్పలేదు.

నవంబరులో ఇంటికి తిరిగి వచ్చాను. సంక్రాంతి వెళ్ళాక ఆ పల్లెకు పోయి విచారిస్తే, వాడి అన్న కొడుకు ఫోను నంబరు ఇచ్చాడు. వాడు ఇప్పుడు హైదరాబాదులో వెల్డింగు కొట్టు పెట్టుకుని గేట్లు, కిటికీ గ్రిల్లులు చేస్తున్నాడట. రెండు రోజులు నంబరు చూసుకుంటూ కూర్చుని, మూడో రోజు ఫోను చేశాను. నా పేరు చెప్పగానే, “మాస్టారూ, తమరా!” అన్నాడు. చెప్పవలసిన మాట ముందుగానే చెప్పేశాను. లేకపోతే ధైర్యం చాలదని నా భయం. వాడు కొంచెం సేపు ఊరుకుని, “అదంతా ఎందుకు లెండి మాస్టారూ,” అన్నాడు. మరచిపోయాననలేదు.

మాట మార్చటానికి కాబోలు, దేశాలు తిరిగి వచ్చారటగదా ఏం చూశారని అడిగాడు. లోహపు పొడిని పొర మీద పొరగా కరిగించే యంత్రం సంగతి చెప్పాను. వినీ వినటంతోనే, “అట్లా అతుకు మీద అతుకు పెడుతూ పోతే చల్లారేటప్పుడు వంకర తిరగదా మాస్టారూ?” అన్నాడు. ఆ పనిశాలలో వంకరపోయిన పలక కళ్ళారా చూసేదాకా నాకు తట్టని ప్రశ్న అది. ఊతల సంగతీ, కొలిమి సంగతీ చెప్పాను. 67 డిగ్రీల సంగతి కూడా చెప్పాను. ఊఁ కొడుతూ విన్నాడు.

“మరి వాళ్ళ బుట్ట మీ దగ్గర ఉందన్నారు. నిలువులు ఎన్ని వేశారు?”

బల్ల మీద నుంచి బుట్ట తీసి, అద్దాలు పెట్టుకుని, వేలితో ఒక్కొక్కటీ తాకుతూ లెక్కపెట్టాను. ఒకసారి తప్పిపోయి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. వాడు అవతల ఓపికగా ఉన్నాడు.

“ఇరవై ఒకటి,” అన్నాను.

“ఊఁ. సరిపోయింది,” అన్నాడు వాడు. “అడుగు ఎట్లా కట్టారో కూడా చూసి చెప్పండి మాస్టారూ.”

నేను బుట్టను బోర్లించాను.